గోల్ఫ్ ఆడతానంటున్న అమ్మాయికి ఏం చెప్పాం?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎస్‌ఏ-1 మార్కుల సంగతి క్లాస్ టీచర్లు డైరీల్లో రాసి పంపారు కాబట్టి నేను వాటి జోలికి పోవడం లేదు. ఈ నెల ఉత్తరం ఒక దరఖాస్తు గురించి. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి గోల్ఫ్ టోర్నమెంట్ల కోసం హాజరులో మినహాయింపు అడిగింది. స్టాఫ్‌రూమ్‌లో పెద్ద చర్చే నడిచింది. బ్యాడ్మింటన్ అయితే ఎవరూ నోరెత్తేవారు కాదు. సైనా, సింధు ఆడి ఎదిగిన ఊరు మనది. గోల్కొండ పక్కన నయా ఖిలాలో గోల్ఫ్ కోర్సు ఉందన్న సంగతే మనలో చాలామందికి తెలియదు. "గోల్ఫ్‌లో ఏం బతుకుతెరువు ఉంటుంది మేడమ్?" అన్నారు మా లెక్కల సార్.

న్యాయమైన ప్రశ్నే. అందుకే అదితి అశోక్ ఆట లెక్కలు తీసి చూశాను. బెంగళూరు అమ్మాయి, ఐదేళ్లకే గోల్ఫ్ కర్ర పట్టింది. 2016లో స్కూలు చదువు ముగించింది. అదే ఏడాది 18 ఏళ్లకు రియో ఒలింపిక్స్‌లో ఆడింది, నవంబరులో మహిళల ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ గెలిచింది. రియోలో ఆమె గోల్ఫ్ కర్రల బ్యాగు మోసింది నాన్న, టోక్యోలో అమ్మ.

టోక్యో ఒలింపిక్స్ మీకు గుర్తుండే ఉంటుంది. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లే ముందు. ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న అమ్మాయి నాలుగు రోజుల్లో 67, 66, 68, 68 కొట్టింది. మొత్తం 269. కాంస్యం తెచ్చుకున్న న్యూజిలాండ్ క్రీడాకారిణి లిడియా కో స్కోరు 268. ఒక్క దెబ్బ తేడాతో నాలుగో స్థానం. అంతకు కొద్ది నెలల ముందే ఆమెకు కోవిడ్ వచ్చి తగ్గింది.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం 2023. ఫిబ్రవరిలో కెన్యాలో గెలుపు. ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో ప్లేఆఫ్ (స్కోరు సమానమైనవాళ్ల మధ్య తేల్చే ఆట) దాకా వెళ్లి ఓటమి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చివరి రోజు మొదలయ్యేసరికి ఏడు దెబ్బల ఆధిక్యం. ఆ రోజు 77 కొట్టి, స్వర్ణం జారవిడిచి రజతంతో వచ్చింది. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో మన మహిళలకు అదే మొదటి పతకం, అయినా ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికైనా నిద్ర పట్టిందా అని నా అనుమానం. నవంబరులో స్పెయిన్‌లో మళ్లీ గెలిచింది.

ఇక బతుకుతెరువు. ఈ ఆటలో నెల జీతం లేదు. మామూలు టోర్నమెంటులో రెండు రోజుల తర్వాత కట్ ఉంటుంది, అంటే స్కోరు బాగున్నవాళ్లనే మిగతా రోజులు ఆడనిస్తారు. అది దాటనివాళ్లు సాధారణంగా ఉత్త చేతులతోనే ఇంటికి. విమానం ఖర్చు, హోటలు, బ్యాగు మోసే క్యాడీ జీతం ఆటగాళ్లే పెట్టుకోవాలి. ఆ అమ్మాయి అమ్మానాన్నలతో ఇదంతా దాచకుండా మాట్లాడాను.

నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. గోల్ఫ్‌లో మీ స్కోరు తోటి ఆటగాడు రాస్తాడు, మీరు సరిచూసి సంతకం పెట్టాలి. ఏదైనా హోల్‌లో (బంతిని చేర్చాల్సిన గుంత) ఆడిన దెబ్బలకంటే తక్కువ అంకెకు సంతకం పెడితే పోటీ నుంచే తీసేస్తారు. మన పరీక్ష హాల్లోనూ ఈ పద్ధతి పెట్టాలని ఆశే కానీ, అంత ధైర్యం లేదు.

చివరికి మినహాయింపు ఇచ్చాం. టర్ము మొదట్లోనే టోర్నమెంట్ల తేదీలు ఇవ్వాలి. పోయిన పాఠాలకు శనివారాలు వచ్చి కూర్చోవాలి. ఎస్‌ఏ-2కు మాత్రం ఏ సడలింపూ లేదు. కబడ్డీ, ఖో-ఖో, చదరంగం ఆడే పిల్లలకూ ఇదే నియమం. పదో తరగతి లోపు బడి మాన్పించి ఆటకే పంపుతామంటే మాత్రం నేను ఒప్పుకోను. ఈ మాట ఇప్పటికే ఇద్దరు ముగ్గురు నాన్నలతో అన్నాను, వాళ్లు ఏమీ అనుకోకూడదు.

ఫారాలు పీఈటీ సార్ దగ్గర ఉన్నాయి. దరఖాస్తు పిల్లలే తమ చేత్తో రాయాలి. డైరీల్లో రోజూ చూస్తూనే ఉంటాం కాబట్టి మీ చేతిరాతలు మాకు బాగా తెలుసు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు