సరిచూసుకోనిదే వదలని నీకు

చిట్టితల్లీ,

"ఏ పనైనా ఇంకోసారి సరిచూసుకోనిదే నాకు వదలబుద్ధి కాదు నాన్నా, ఇలాంటివాళ్లకు ఏ ఉద్యోగం సరిపోతుంది?" అని అడిగావు. ఈ గుణాన్ని చాదస్తం అనేవాళ్లు నీకు చాలామంది ఎదురవుతారు. కానీ ఇది లేనివాళ్లు మ్యాపింగ్ రంగంలో నిలబడలేరు. ఇన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి తెలిసే చెబుతున్నాను.

ఈ రంగానికి ఆధారమైన జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అంటే ప్రతి సమాచారాన్నీ అది ఉన్న చోటుకు ముడిపెట్టడం. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ భూమి వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో ఇది ఊపందుకుంది. ఇప్పుడు నీటి పైపులు, కరెంటు లైన్లు, అడవులు, వరద ముప్పు, అంబులెన్స్ వెళ్లాల్సిన దారి అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇందులో చిన్న తప్పు ఎంత దూరం పోతుందో చూడు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత మూడో స్థానంలో ఒక్క అంకె తేడా వస్తే వంద మీటర్ల పైనే జరిగిపోతాం. అక్షాంశం, రేఖాంశం తారుమారైతే ఊరు సముద్రంలో పడొచ్చు. ఖాళీగా ఉన్న విలువలను సాఫ్ట్‌వేర్ సున్నాలుగా చదివితే ఆ చిరునామాలన్నీ ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో పోగుపడతాయి. ఆ చోటికి మావాళ్లు 'నల్ ఐలాండ్' అని పేరే పెట్టారు, అక్కడ దీవి లేకపోయినా.

ఇలా సముద్రంలో పడ్డవి చూడగానే దొరికిపోతాయి. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలను దేని ఆధారంగా లెక్కించాలో చెప్పే చట్రం, దాని తప్పు అలా దొరకదు. రెండు మ్యాపులు వేర్వేరు డేటమ్‌ల మీద తయారైతే ఒకే పాయింటు ఒక్కోసారి వందల మీటర్లు పక్కకు పోతుంది. చాలాసార్లు సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. "ఈ రోడ్డు ఇక్కడ ఉండకూడదే" అని అనుమానపడే మనిషి కావాలి. ఆ అనుమానం నీలో పుష్కలంగా ఉంది.

ఉద్యోగాలు చాలా రకాలు. హద్దులు కొలిచే సర్వేయర్లు, డ్రోన్ ఫొటోల నుంచి కొలతలు తీసే ఫొటోగ్రామెట్రీ వాళ్లు, సముద్రం అడుగును సోనార్‌తో కొలిచే హైడ్రోగ్రాఫర్లు, ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించేవాళ్లు, డేటా క్వాలిటీ చూసేవాళ్లు. వీటన్నిటికంటే నీకు తగినదిగా నాకు తోచేది భూగర్భ లైన్ల మ్యాపింగ్. గ్యాస్ పైపు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో నువ్వు గుర్తించిన గీతను నమ్ముకునే తవ్వేవాళ్లు పని మొదలుపెడతారు. అక్కడ నీ జాగ్రత్త ఒకరి ప్రాణం కాపాడుతుంది.

ఒక్కటి మాత్రం ఇప్పుడే తెలుసుకో. ఎంత కచ్చితత్వం అవసరమో, చేతిలో ఉన్న డేటా ఎంతవరకు నమ్మదగ్గదో తేల్చుకోవడం కూడా ఈ పనిలో భాగమే. మొబైల్ జీపీఎస్ దశాంశం తర్వాత ఎన్ని అంకెలు చూపించినా ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. స్థిర కేంద్రం సాయంతో ఆ తేడాను అప్పటికప్పుడు సరిదిద్దుకునే ఆర్‌టీకే రిసీవర్ అయితే పరిస్థితులు బాగుంటే కొద్ది సెంటీమీటర్ల తేడాతో చెబుతుంది. సెంటినల్-2 ఉపగ్రహం తీసే చిత్రంలో అన్నిటికంటే చిన్న పిక్సెలే నేల మీద 10 మీటర్లు, దాన్ని చూసి ప్రహరీ గోడ హద్దు తేలుస్తాననడం అన్యాయం. దిద్దుతూ కూర్చోకుండా, "ఇది ఇంతవరకే నమ్మండి" అని రాసి సంతకం పెట్టగలగాలి. నీకు కష్టంగా ఉండేది బహుశా ఇదే.

కంప్యూటర్లు ఈ ఉద్యోగాలను మింగేస్తాయేమోనని టెన్షన్ పడకు. చిత్రం మీద గీతలు గీసే పని చాలావరకు వాటికే పోతోంది, అందుకే దాని మీదే ఆధారపడొద్దు. కంప్యూటర్ నీడను భవనంగా గుర్తిస్తే పట్టుకునే మనిషి అవసరం ఉంటూనే ఉంటుంది. పైథాన్, ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలు కొంచెం నేర్చుకున్నావంటే వేల రికార్డులను ఒకేసారి తనిఖీ చేయగలవు.

ముందు క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకో, అది ఉచితం. ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ మ్యాపు, 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నీకు బాగా తెలిసిన నాలుగు వీధులు చూడు. ఏది తప్పుగా ఉందో, ఏది లేదో రాసుకుని సరిచెయ్. ఆ పనిలో గంటలు తెలియకుండా గడిచిపోతే నాకు చెప్పు, కోర్సుల సంగతి కూర్చుని మాట్లాడుకుందాం.

ప్రేమతో,
నాన్న