ప్రయాణికుల్ని భయపెట్టింది చాలు, సీమన్ల సంగతి రాయండి

అయ్యా,

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ పత్రికలో క్రూయిజ్ ఓడలకు సముద్రపు దొంగల ముప్పు అంటూ సగం పేజీ కథనం వేశారు. దాని గురించే ఈ ఉత్తరం. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ కొబ్బరి దింపులు నడుస్తుండటంతో కుదరలేదు. ఈలోగా ఆ కథనం మా ఇంటికే చుట్టుకుంది.

విజయనగరంలో ఉండే మా చెల్లెలు, బావగారు విశాఖ నుంచి చెన్నైకి ఓడలో వెళ్దామని ఎన్నాళ్ళ నుంచో అనుకుని డబ్బు కట్టారు. బావగారు రిటైరయ్యాక ఇద్దరూ కలిసి సరదాగా వెళ్ళే మొదటి ప్రయాణం అది. మీ పేపరు చూసిన రాత్రే చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, టికెట్లు కేన్సిల్ చేసేయమంటావా?" అని అడిగింది. నేను 22 ఏళ్ళు సరుకు ఓడల్లో సీమన్‌గా పనిచేసి వచ్చినవాణ్ణి. భయం లేదమ్మా, వెళ్ళిరండి అని ఎంత చెప్పినా "పేపర్లో వేశారు కదా అన్నయ్యా" అంటుంది. చివరికి కేన్సిల్ చేసుకున్నారు. కట్టిన దాంట్లో సగం కూడా వెనక్కి రాలేదు.

విశాఖ ప్రయాణం గురించి రాస్తూ ఆ పక్కన సోమాలియా పడవల ఫొటో వేయడమేమిటండీ? సోమాలియా ఎక్కడ, విశాఖ ఎక్కడ? అరేబియా సముద్రం దాటి, శ్రీలంక చుట్టి వస్తే గానీ మన బంగాళాఖాతం రాదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ విశాఖ వచ్చి, జనాన్ని ఎక్కించుకుని పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్ళింది. అది వెళ్ళింది మన తీరం పక్కనుంచే. ఆ దారిలో తుపాను గురించి అడగండి, చెబుతాను. పైరేట్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

క్రూయిజ్ ఓడల మీద దాడులు అసలు జరగలేదని నేను అనడం లేదు. 2005 నవంబరు 5న తెల్లవారుజామున సోమాలియా తీరానికి దూరంగా సీబోర్న్ స్పిరిట్ అనే ఓడ మీద దొంగలు రెండు పడవల్లో వచ్చి తుపాకులతో, రాకెట్లతో కాల్చారు. ఓడ వేగం పెంచి తప్పించుకుంది. సిబ్బందిలో ఒకరికి గాయమైంది, దాదాపు 150 మంది ప్రయాణికుల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. 2009 ఏప్రిల్‌లో సీషెల్స్ దగ్గర ఎమ్మెస్సీ మెలోడీ అనే క్రూయిజ్ ఓడ మీదికి వచ్చారు. సెక్యూరిటీ వాళ్ళు తుపాకులు పేల్చి, గొట్టాలతో నీళ్ళు కొట్టి తరిమేశారు. 2017లో సీ ప్రిన్సెస్ అనే క్రూయిజ్ ఓడ ఆ సముద్రం మీదుగా పోతూ పది రోజులు రాత్రిళ్ళు డెక్ మీద లైట్లు ఆర్పేసి నడిచింది, అంతే. సోమాలీ దొంగలు ప్రయాణికులతో సహా పట్టుకుపోయిన పెద్ద క్రూయిజ్ ఓడ ఒక్కటీ లేదు. మీ సగం పేజీలో ఈ ముక్క ఎక్కడుంది?

ఎందుకు పట్టుకోలేరో సరంగు కొడుకునడిగినా చెబుతాడు. పైరేట్లు వచ్చేది చిన్న పడవలో, కొక్కేలున్న నిచ్చెనతో. క్రూయిజ్ ఓడ గోడలా నిలువుగా పైకి ఉంటుంది, 20 నాట్ల దాకా, అంటే గంటకి సుమారు 37 కిలోమీటర్ల వేగం లాగుతుంది. 18 నాట్లు దాటి పోతున్న ఓడ మీదికి పైరేట్లు ఎక్కినట్టు ఒక్క ఫిర్యాదూ రాలేదని అప్పట్లో మా ఓడలో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉండేది. సరుకు ఓడ సంగతి వేరు. ఇనుప ఖనిజమో బొగ్గో నిండా ఎక్కితే నీళ్ళల్లోకి దిగిపోతుంది. డెక్ అంచున నిలబడితే సముద్రం చేతికి అందుతుందేమో అనిపిస్తుంది. నడిచేది 12 నాట్లు, ఉండేది 20 మందికి కాస్త అటూ ఇటూగా. దొంగకి ఏ ఓడ కావాలో దొంగకి తెలుసు.

2010లో సోమాలియా వైపు దారిన పోయినప్పుడు మా చేత రేజర్ వైరు చుట్టించారు. రెండు జతల గ్లౌజులు వేసుకున్నా నా ఎడమ అరచేయి చీరుకుపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పాత బాయిలర్ సూట్లలో గుడ్డపీలికలు కుక్కి, తలలకి హెల్మెట్లు పెట్టి రెయిలింగు పక్కన నిలబెట్టాం, మన చేలల్లో దిష్టిబొమ్మల్లాగే. దూరం నుంచి చూస్తే కాపలా మనుషులనుకోవాలని. రాత్రి కాపలా డ్యూటీలో చేపల పడవ కనపడినా గుండె ఝల్లుమనేది. సోమాలియా పైనున్న ఏడెన్ గల్ఫ్‌లో మా కాన్వాయ్ పక్కన మన నేవీ ఓడ నడుస్తుంటే, దాని మీద జెండా చూసి మా బోసన్, అంటే డెక్ పనివాళ్ళ పెద్ద, చేతులెత్తి దండం పెట్టాడు. 2008 అక్టోబరు నుంచి మన నేవీ అక్కడ కాపలా కాస్తోంది. 2024 మార్చిలో సోమాలీ దొంగలు పట్టుకున్న రూయెన్ అనే సరుకు ఓడని విడిపించి, 17 మందిని కాపాడి 35 మంది దొంగల్ని లొంగదీసుకున్నది కూడా మన నేవీయే. దానికి మీ పత్రికలో ఎన్ని లైన్లు వచ్చాయో ఒకసారి తీసి చూసుకోండి.

చిక్కుకుపోయినవాళ్ళ మాట ఇంకా ఘోరం. 2010లో సోమాలీలు పట్టుకున్న ఆస్ఫాల్ట్ వెంచర్ ఓడకి డబ్బు చెల్లించాక ఓడనైతే వదిలారు గానీ ఏడుగురు భారతీయుల్ని ఉంచేసుకున్నారు. వాళ్ళు బయటపడింది 2014 అక్టోబరులో, నాలుగేళ్ళకి! 2019 డిసెంబరులో పశ్చిమాఫ్రికా దగ్గర డ్యూక్ అనే ట్యాంకరు నుంచి 20 మంది భారతీయుల్ని ఎత్తుకుపోతే, ఒకరు బందీగానే చనిపోయారు. ఇవి కదా పైరసీ వార్తలు! కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు రండి, సీమన్ ఉన్న ఇల్లు కోసం వెతుక్కోనక్కర్లేదు. చదివేవాళ్ళు ఇక్కడున్నారు. మీరు టికెట్ కొనుక్కునే ప్రయాణికుల గురించి రాస్తారు, ఆ ఓడ నడిపేవాళ్ళ గురించి రాయరు. క్రూయిజ్‌లో కూడా అంతే. 2020లో డైమండ్ ప్రిన్సెస్ ఓడలో కరోనా వచ్చినప్పుడు అందులో 138 మంది భారతీయులుంటే 132 మంది సిబ్బందే.

ఇక ఆఫీసుల మాట. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్ళిన మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంటే, మన జిల్లాలోని మత్స్యలేశం ఊరి ఆడవాళ్ళు 14 నెలలు తిరగని గుమ్మం లేదు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. అంత జరిగాక కూడా, ఓడ మీద కుర్రాడి ఫోన్ రాకపోతే ఎవర్ని అడగాలో ఇవాళ్టికీ ఇక్కడ చెప్పేవాడు లేడు. మా వీధిలో ఒకాయన జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసుకి వెళ్తే, ఇది మా పరిధి కాదు, ముంబయికి రాసుకోండని చేతులు దులుపుకున్నారు. 2022లో పార్లమెంటు సముద్రపు పైరసీ నిరోధక చట్టం చేసింది, సంతోషం. దొంగల్ని శిక్షించడానికి చట్టం ఉంది, సీమన్ తల్లికి మాత్రం ఫలానా నంబరుకి ఫోన్ చేయమ్మా అని చెప్పేవాడు లేడు.

సముద్రంలో దొంగల కంటే ముందు మన పిల్లల్ని దోచేది ఏజెంట్లు. ఓడ ఉద్యోగం ఇప్పించడానికి సీమన్ దగ్గర డబ్బు తీసుకోకూడదని రూలు ఉంది. మనుషుల్ని ఓడ ఎక్కించే కంపెనీకి డీజీ షిప్పింగ్ అనే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఇచ్చే లైసెన్సు ఉండాలి, ఆ జాబితా నెట్‌లో ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఏ మండలాఫీసు గోడ మీదా అతికించలేదు, ఏ పేపరూ వేయలేదు. ఆ సగం పేజీలో అది వేసి ఉంటే ఏజెంట్లకి కట్టడానికి ఎన్ని ఎకరాల కొబ్బరి తోటలు అమ్ముడుపోకుండా ఉండేవో.

మా వెనక వీధిలో కుర్రాడు లక్షలు కట్టి, ముంబయిలో ఒక గదిలో పదిమందితో ఐదు నెలలు పడుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు ఇంకో ఏజెంటు దొరికాడట, వచ్చే నెల మళ్ళీ ప్రయాణం. నిన్న సాయంత్రం వాళ్ళమ్మ ఆ ఏజెంటు ఇచ్చిన కాగితం తెచ్చి, "బావా, ఇది సరైనదేనా చూడు" అంది. స్టాంపు ఉంది, సంతకం ఉంది. లైసెన్సు నంబరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సీమన్,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా