ఏ జోన్ లెక్కో పటం మీదే రాయండి

సంపాదకులకు,

డ్రోన్‌తో తీసిన ఫోటో మీద పాత గ్రామ పటం గీతలు పరిచి హద్దులు తేల్చడం మన శ్రీకాకుళం జిల్లాలో మామూలైపోయింది. నేను ముప్పై ఏళ్లకు పైగా గొలుసు, క్రాస్ స్టాఫ్ పట్టుకుని పొలాల వెంట తిరిగిన సర్వేయర్ని. డ్రోన్ అంటే నాకు గిట్టదనుకోకండి, అది వచ్చినందుకు సంతోషించినవాణ్ణే. నా గొడవ ఫోటోతో కాదు, దాన్ని పటం మీద కూర్చే తీరుతో.

కిందటి నెల నరసన్నపేటకు తూర్పున ఒక ఊళ్లో చెరువు తగాదా ఉంటే, పెద్దవాడినని నన్నూ పిలిచారు. బడి వరండాలో కంప్యూటర్ పెట్టుకుని ఒక కుర్రవాడు ఫోటో తెరిచాడు. గ్రామ పటం ఉన్నచోట ఫోటో లేదు. వెతగ్గా వెతగ్గా ఆ చెరువు నిజామాబాద్ పక్కన తేలింది. "అయితే మన చెరువుకు గోదావరి నీళ్లొస్తాయన్నమాట" అని వెనక నుంచి ఎవరో అనేసరికి అందరూ నవ్వారు.

ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టలేను. ఈ చిక్కు అన్ని జిల్లాల్లోనూ ఉండదు, మన జిల్లాలో ఉంది. భూగోళాన్ని బల్లపరుపు పటంగా పరచడానికి ఆరేసి డిగ్రీల రేఖాంశాన్ని ఒక్కో జోన్‌గా విడగొట్టారు. 78 నుంచి 84 డిగ్రీల దాకా 44వ జోన్, 84 నుంచి 90 దాకా 45వ జోన్. ఆ 84వ డిగ్రీ గీత సరిగ్గా మన జిల్లా మీదుగా పోతుంది. శ్రీకాకుళం, ఆమదాలవలస 44లో ఉన్నాయి. నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. విజయనగరం వాళ్లకు ఈ బాధ లేదు, వాళ్లంతా 44లోనే ఉన్నారు. ప్రతి జోన్‌కూ దూరాల లెక్క మొదలు వేరు. ఒకే గట్టు మీది రాయికి తూర్పు దూరం ఒక జోన్‌లో సుమారు 8 లక్షల 17 వేల మీటర్లయితే, రెండోదానిలో లక్షా 83 వేలు. కంప్యూటర్‌లో ఈ రెండు జోన్ల సంకేతాలు 32644, 32645. చివరి అంకె తప్పు పడితే టెక్కలి తెలంగాణకు పోతుంది. అదే తప్పు అటునుంచి చేస్తే శ్రీకాకుళం పట్టణం బంగాళాఖాతం నడుమ తేలుతుంది.

ఇంత పెద్ద తప్పయితే ఎవరి కంటికైనా కనబడుతుంది, నవ్వుకుని సరిదిద్దుకుంటారు. ప్రమాదం తరవాత జరిగిన దానిలో ఉంది. ఆ కుర్రవాడు జోన్ మార్చలేదు. ఫోటోను చేత్తో లాక్కొచ్చి, గుడి మూల పటంలోని గుడి మూలకు ఆనించి "సరిపోయిందండి" అన్నాడు. గుడి దగ్గర సరిపోయింది, నిజమే. కానీ అక్కడికి నాలుగు వందల మీటర్ల దూరంలో ఉన్న మదుము (తూము) దగ్గర గట్టు పదమూడు మీటర్లు పక్కకు పడింది. జోన్ అంచున ఆ రెండు లెక్కల్లోని ఉత్తర దిక్కులు ఒకదానికొకటి దాదాపు రెండు డిగ్రీలు వంకరగా ఉంటాయి. జరిపితే చాలదు, తిప్పాలి. ఆ పదమూడు మీటర్ల మీద నలుగురు రైతులు చెరువు కలుపుకున్నారని అక్కడికక్కడే తేల్చేశారు. నేను పట్టుబట్టి చివరి అంకె మార్పించాను. ఫోటో తనంతట తానే తిరిగి, గట్టు మీద గట్టు పడింది. మిగిలిన తేడా మీటరు లోపే. నలుగురిలో ముగ్గురు ఆ నింద నుంచి బయటపడ్డారు. నాలుగో ఆయన మాత్రం నిజంగానే నాలుగు గజాలు లోపలికి జరిగి ఉన్నాడు. అప్పటిదాకా అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

జోన్ ఒక్కటే కాదు. పాత స్థలాకృతి పటాలు ఎవరెస్ట్ అనే సర్వేయరు 1830లో భూమి కొలతకు కట్టిన లెక్క మీద గీసినవి. అందులో భూమి వ్యాసార్ధం ఇప్పటి ఉపగ్రహాల లెక్క కన్నా ఎనిమిది వందల మీటర్లకు పైగా తక్కువ. ఆ పటంలోని అంకెలు అలాగే తెచ్చి రోవర్‌లో, అంటే ఉపగ్రహాల సాయంతో చోటు తేల్చే పరికరంలో, పెడితే మన ప్రాంతంలో రెండు వందల మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. ఇక ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) సంగతి వేరు. దానిలో రాయికీ రాయికీ మధ్య లింకులు (గొలుసు కొలతలు) తప్ప, ఆ పొలం భూమ్మీద ఎక్కడుందో రాసి ఉండదు. తప్పని దాన్ని తిట్టడం అన్యాయం, ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు. విస్తీర్ణంలోనూ చిన్న మెలిక ఉంది. జోన్ అంచున పటం నేలను కాస్త సాగదీస్తుంది, ఎకరాకు సుమారు ఎనిమిది గజాలు ఎక్కువ చూపిస్తుంది. పక్కపక్క రైతులు సెంటులో ఆరో వంతుకు కోర్టుకెక్కిన కేసులు నేను చూశాను.

ఉద్దానంలో ఇంకో తంటా. కొబ్బరి మట్టల కింద గట్టు పైనుంచి కనబడదు. 2018 తిత్లీ తుపానులో హద్దు చెట్లే కూలిపోయిన తోటల్లో ఫోటో చూసి గీత గీయడమంటే ఊహించి గీయడమే. అక్కడ మనిషి నడవాల్సిందే.

అధికారులను నేను కోరేవి పెద్ద ఖర్చు పనులు కావు. రైతు చేతికిచ్చే ప్రతి పటం మూల మీద అది ఏ లెక్కలో, ఏ జోన్‌లో గీసిందో తెలుగులో అచ్చు వేయాలి. ఫోటోను కూర్చేటప్పుడు గుడి మూల, బడి మూల చాలవు. ఊరికి నాలుగు వైపులా ఉన్న ట్రైజంక్షన్ రాళ్ల (మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట పాతిన రాళ్ల) దగ్గర రోవర్ పెట్టి, ఒక్కో రాయి దగ్గర ఎంత తేడా మిగిలిందో గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ తేడాను ఫోటో సాగదీసి మాయం చేయకూడదు. రాయి లేకపోతే లేదని రాయాలి. ఈ పని వరి కోతలయ్యాక, పొలాలు ఆరిన రోజుల్లో పెట్టుకుంటే మంచిది. నాట్లు పడ్డాక మడిలో దిగి రాయి వెతకడం ఎవరి తరమూ కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
శ్రీకాకుళం జిల్లా