ప్యాకేజీ ధర వేరు, ప్రయాణం ఖర్చు వేరు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో ‘తలకు 80 వేలకే సింగపూర్–మలేషియా’ అని రాశారు. మొదటిసారి విదేశానికి బయల్దేరే కుటుంబాలు ఆ అంకెను నమ్మి డబ్బు కూడబెట్టుకుంటాయి. ఆ అంకె సగం లెక్కే.

80 వేలంటే గదికి ఇద్దరు చొప్పున ఉంటే తలకు పడే ధర. నలుగురికి 3,20,000 అవుతుంది. దాని మీద 5 శాతం జీఎస్టీ, అంటే 16 వేలు. ఆపైన టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేవాళ్లు మన దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. 2023 అక్టోబరు నుంచి ప్యాకేజీల మీద మొదటి రూపాయి నుంచే 5 శాతం, ఏడు లక్షలు దాటిన సొమ్ము మీద 20 శాతం వసూలు చేశారు. 2025 ఏప్రిల్‌లో ఆ హద్దును పది లక్షలకు పెంచారు. ఇలా మారుతూనే ఉంటుంది కాబట్టి డబ్బు కట్టే రోజు రేటెంతో అడిగి రసీదులో విడిగా రాయించుకోవాలి. ఈ టీసీఎస్ మన ఆదాయపు పన్ను ఖాతాలో ముందుగా జమయ్యే సొమ్ము. ఎవరి పాన్ మీద కట్టారో వాళ్లు రిటర్ను వేస్తేనే తిరిగొస్తుంది. పన్ను పరిధిలోకి రాని పింఛనుదారు పాన్ ఇచ్చి, రిటర్ను సంగతి మరిచిపోతే అంతే సంగతులు. జీతం వచ్చే కొడుకో కూతురో తమ పాన్ మీద కట్టి, ఆఫీసులో డిక్లరేషన్ ఇస్తే జీతంలో కోసే పన్నులో (టీడీఎస్‌లో) సర్దుతారు. ఈ మాట ఏ అధికారీ జనానికి తెలుగులో చెప్పడు. వసూలు చేయడంలో ఉన్న శ్రద్ధ చెప్పడంలో ఎందుకు ఉండదు?

పాస్‌పోర్టు గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. పెద్దలకు 36 పేజీలది 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. ఉన్న పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి లేకపోతే చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. మన ఇంటిపేర్లతో ఇంకో చిక్కు. ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. టికెట్ మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే తీయాలి. తర్వాత దిద్దించుకోవాలంటే ఎయిర్‌లైన్స్ మళ్లీ డబ్బడుగుతుంది.

సింగపూర్ వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీ అదనం. రెండు దేశాల అరైవల్ కార్డులూ, అంటే ఆ దేశంలోకి వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఫారాలు, ఉచితం. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు అధికారిక సైట్లలో నింపుకోవాలి. అచ్చం అలాగే కనిపించే సైట్లలో నింపి డబ్బు పోగొట్టుకునేవాళ్లున్నారు. మలేషియా హోటళ్లలో విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్లు పర్యాటక పన్ను కట్టాలి. రెండు గదులు, మూడు రాత్రులకు 60 రింగిట్లు. డిపాజిట్ వేరు.

అసలు దెబ్బ కార్డుల దగ్గర. 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కొంటే బ్యాంకు వేసే అదనపు చార్జీ) ఉన్న క్రెడిట్ కార్డు గీస్తే, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ కలిసి లక్షకు 4,130 రూపాయలు పోతాయి. షాపులో మిషన్ తెర మీద ఐఎన్‌ఆర్ (మన రూపాయి), ఎంవైఆర్ (మలేషియా రింగిట్) అని రెండు గడులు వస్తాయి. మన రూపాయి కనబడగానే వేలు అటే పోతుంది. అది నొక్కితే షాపు తరఫు రేటు పడి ఇంకా నష్టం. అక్కడి కరెన్సీయే నొక్కాలి. బయల్దేరే ముందే నాలుగైదు చోట్ల రేటు అడిగి విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డులో వేయించుకుంటే మేలు. ఎయిర్‌పోర్టు కౌంటర్ దాకా ఆగకూడదు.

చౌక విమానాల్లో అసలు టికెట్‌తో వచ్చేది తరచుగా ఏడు కిలోల చేతి సంచే. నూనె తేలే ఆవకాయ సీసా అందులో పెడితే సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు. చెక్-ఇన్ లగేజీ ముందే కొనకపోతే కౌంటర్ దగ్గర కిలోల లెక్కన వసూలు చేస్తారు.

వచ్చే ఆదివారమైనా ఈ ఖర్చులన్నీ కలిపి నలుగురి కుటుంబానికి పూర్తి పట్టిక వేయండి. ట్రావెల్స్ ప్రకటనల్లో ‘పన్నులు అదనం’ అన్న మాటను ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలని మీ ప్రకటనల విభాగానికీ చెప్పండి.

– ఒక పాఠకుడు, గుంటూరు