చేయి చాచడం గురించి అమ్మకు

న్యూకాజిల్, ఇంగ్లండ్,
18 ఆగస్టు 2025

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

శనివారం ఫోను మధ్యలో పెట్టేశాను. సిగ్నల్ పోయి కాదు, కోపం వచ్చి. ఆ తర్వాత నువ్వూ చేయలేదు. ఫోనులో అయితే మళ్ళీ మాటా మాటా పెరుగుతుందని ఇలా రాస్తున్నాను. నాన్న చదివి వినిపిస్తారు, మధ్యలో అడ్డు రాకుండా విను.

నేను బాగున్నాను. ఆసుపత్రిలో పని ఎప్పటిలాగే ఉంది. మోకాలి నొప్పి తగ్గింది. ఒంగోలు నుంచి పంపిన మైసూరుపాకు ఇంకా నాలుగు ముక్కలు మిగిలింది, దాచుకుని తింటున్నాను.

"మన ఇంటి ఆడపిల్ల పరాయివాళ్ళ ముందు చేయి చాచడమేమిటి" అన్నావు. రామాలయం కప్పు వేయడానికి నాన్న చందా పుస్తకం పట్టుకుని కనిగిరి, పామూరు తిరిగినప్పుడు అది చేయి చాచడం అని ఎవరన్నారమ్మా? నేను చేస్తున్నదీ అదే. 21 కిలోమీటర్లు పరిగెత్తుతానని చెప్పి తెలిసినవాళ్ళను చందా అడుగుతున్నాను. పైసా కూడా నా చేతికి రాదు, నేరుగా వాటర్‌ఎయిడ్ అనే సంస్థకు వెళుతుంది. బీద ఊళ్ళలో మంచినీళ్ళు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయడమే వాళ్ళ పని. నాన్నకు లెక్కలు కావాలి కదా, ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు ఒక పౌండు ఇస్తే ప్రభుత్వం మరో 25 పెన్నీలు కలుపుతుంది. ఆ సంస్థ పుట్టింది 1981లో, ఈ పరుగు, గ్రేట్ నార్త్ రన్, మొదలైందీ 1981లోనే. నువ్వు కాపురానికి వచ్చిన ఏడు.

మా వార్డు ఊడ్చే పెద్దావిడ ఐదు పౌండ్లు ఇచ్చింది. మీ ఊళ్ళో నీళ్ళకు ఏమైందని అడిగింది. పెదవులు తెరిచి నా పళ్ళ మీది పసుపు చారలు చూపించాను. పెళ్ళి ఫొటోల్లో కూడా నోరు మూసుకునే నవ్విన దాన్ని, ఆమెకు మాత్రం చూపించాలనిపించింది.

నాయనమ్మ నడుము వయసు వల్ల వంగిందనుకున్నాం. చివరి రోజుల్లో ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసేది. ఆ నొప్పులు చూడలేక నువ్వు రోజూ బోరు నీళ్ళు కాచి, వడబోసి ఇచ్చేదానివి. మన పళ్ళనూ ఎముకలనూ పాడుచేసింది ఆ బోరు నీళ్ళలోని ఫ్లోరైడేనని, కాచితే అది పోదని, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుందని నాకు నర్సింగులో చేరాకే తెలిసింది. ఇన్నేళ్ళు నీకు చెప్పలేదు. చెబితే నిన్ను నువ్వు నిందించుకుంటావని. తప్పు నీది కాదు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని మనకు ఎవరు చెప్పారు గనుక?

తెల్లవారుజామున చీకట్లో ఒంటరిగా పరిగెత్తకు అంటావు. ఇక్కడ వీధి దీపాలున్నాయి, రోడ్డు మీద మనుషులుంటారు. మన పెరట్లో దొడ్డి కట్టక ముందు నాలుగింటికి నన్ను లేపి చిల్లచెట్ల వైపు తీసుకువెళ్ళేదానివి, గుర్తుందా? ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో నా చేయి. మగవాళ్ళు లేచేలోపు ఇల్లు చేరాలి. బడిలోనూ దొడ్డి లేక నేను సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. ఆ చీకటికే నేను భయపడ్డాను, ఈ చీకటికి కాదు.

నాన్నా, ఆ డబ్బు మన ఊరికి వస్తుందా అని మీరు అడిగారు. రాదనే అనుకుంటున్నాను. ఎక్కడ ఖర్చు పెట్టాలో వాళ్ళే నిర్ణయిస్తారు. మన ఇంట్లో క్యాను నీళ్ళు కొనుక్కుంటూ వేరెవరికో కుళాయి కోసం పరిగెత్తడమేమిటని నాకూ కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. కానీ ఎక్కడో ఒక ఆడపిల్ల ఇవాళ నీళ్ళు తాగకుండా బడిలో కూర్చుని ఉంటుంది. అది మన పిల్ల కాదని నేను అనుకోలేకపోతున్నాను.

శ్రీశైలం నీళ్ళు నల్లమల కింద నుంచి మన వైపు తేవడానికి తవ్విన వెలిగొండ సొరంగం పొడవు దాదాపు 19 కిలోమీటర్లు. నేను పరిగెత్తేది అంతకన్నా కొంచెం ఎక్కువ. సాధన చేసేటప్పుడు పదో కిలోమీటరు దగ్గర ఇప్పుడు నల్లమల కింద సగం దూరం వచ్చానని అనుకుంటాను, శ్రీశైలం నీళ్ళు నా వెనకే వస్తున్నట్టు. నాయనమ్మ ఆ నీళ్ళ కోసం చూసి చూసి వెళ్ళిపోయింది.

చిన్నక్క కొడుకు పళ్ళు ఒకసారి డాక్టరుకు చూపించమని చెప్పు. వాడికి అన్నం వండేది కూడా క్యాను నీళ్ళతోనే వండమను, తాగడానికి మాత్రమే అని పొదుపు చేయవద్దు. ఆ డబ్బు నేను పంపుతాను.

పరుగు సెప్టెంబర్ 7, ఆదివారం. టైన్ నది వంతెన దాటి చివరికి సముద్రం ఒడ్డుకు చేరుతుంది. మీకు మధ్యాహ్నం మూడున్నర దాటాక మొదలవుతుంది, ఆరున్నర తర్వాత నీకు ఫోను చేస్తాను. ఎత్తు అమ్మా. ఎంత తిట్టినా ఈసారి పెట్టేయను.

మీ
చిన్నమ్మాయి