నీకు సరిపోయే చోటు చూసి పెట్టాను, నాయనా

జెర్సీ సిటీ,
సెప్టెంబర్ 14

నాయనకు,

నేనిక్కడ బాగున్నాను. నువ్వూ అమ్మా బాగున్నారని తలుస్తున్నాను. ఫోన్లో నీకు సగం మాటలు వినపడటం లేదు, మిగతా సగానికి అమ్మ "ఆడపిల్లవు, అడవిలో పడుకోవడమేంది" అని అడ్డం వస్తోంది. అందుకే ఈసారి అంతా కాగితం మీద పెడుతున్నాను. అమ్మకు కూడా చదివి వినిపించు.

న్యూయార్క్ అంత పెద్ద పట్నం పక్కన అడవి ఎక్కడుంటుందని కదా నువ్వడిగింది. వచ్చిన మొదటి రెండేళ్ళు నేనూ అట్లే అనుకున్నాను. ఇంట్లోంచి బయటికి వస్తే హడ్సన్ నది, అవతలి ఒడ్డున మన్‌హాటన్ మేడలు. అర్ధరాత్రయినా ఇక్కడ ఆకాశం నల్లబడదు. శివరాత్రికి నీ వెంట ఆత్మకూరులో బయల్దేరి, నాగలూటి వీరభద్రుడికి మొక్కి, పెద్దచెరువు దగ్గర గొంగడి పరుచుకుని పడుకుని, భీముని కొలను దిగి ఎక్కి శ్రీశైలం చేరినదాన్ని. నాలాంటిదానికి ఏడాదికి ఒక్క రాత్రయినా చెట్ల కింద గడవకపోతే ఏదో బాకీ పడినట్టుంటుంది. ఆ బాకీ తీర్చుకునే చోటు కోసం వెతికిన కథే ఇది.

మొదట అందరిలాగే ఇంటర్నెట్‌లో వెతికాను. ఎక్కడ చూసినా అవే పది పేర్లు, అవే ఫొటోలు. ఒక శనివారం స్నేహితురాలి కారులో రీవ్స్ మెడో అనే చోటికి పోయాం. పదింటికి చేరేసరికి కారు పెట్టడానికి జాగా లేదు. అరగంట తిరిగి తిరిగి వెనక్కి వచ్చేశాం. ఆ రోజు ఇంటికొచ్చి రెండు పటాలు నేల మీద పక్కపక్కన పరిచాను, ఒకటి రైలు దారులది, ఇంకొకటి కొండ బాటలది. రైలు దిగి కాళ్ళతోనే అడవిలోకి పోగలిగిన ఊళ్ళు ఏవని పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోయాను. నది తూర్పు ఒడ్డున కోల్డ్ స్ప్రింగ్ దొరికింది, పడమట టక్సీడో దొరికింది. కారు లేని మనిషికి ఈ ఊళ్ళో ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

టక్సీడోకు మా పక్క ఊరు హోబోకెన్‌లో రైలెక్కితే గంటకు కొంచెం అటూఇటూ. రైలు దిగి, చిన్న నది దాటి, పెద్ద రోడ్డు కింది నుంచి అవతలికి పోతే కొండ ఎదురుగా ఉంటుంది. అదే హారిమన్ స్టేట్ పార్క్. నలభై ఏడు వేల ఎకరాల పైమాట, అంటే దాదాపు 190 చదరపు కిలోమీటర్లు. ముప్పై ఒక్క చెరువులు. 200 మైళ్ళకు మించిన కాలిబాటలు. మన్‌హాటన్ నుంచి చూస్తే నలభై మైళ్ళ దూరంలో ఇంత అడవి ఉందంటే నేనే నమ్మలేదు.

అది ఎట్లా మిగిలిందో తెలిస్తే నీకు నచ్చుతుంది. వందేళ్ళ కిందట అక్కడి బేర్ మౌంటెన్ దగ్గర ప్రభుత్వం జైలు కట్టబోయింది, పని కూడా మొదలుపెట్టింది. 1909లో చనిపోయిన రైలు కంపెనీల ఆసామి హారిమన్ భార్య మేరీ, 1910లో పదివేల ఎకరాలూ, పది లక్షల డాలర్లూ ప్రభుత్వానికి ఇచ్చింది. జైలు ఆగింది, అడవి జనానిదైంది. జార్జియా నుంచి మెయిన్ దాకా పద్నాలుగు రాష్ట్రాలు దాటి దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రెయిల్ ఉందే, దానికోసమని కొత్తగా వేసిన తొలి ముక్క 1923లో ఇక్కడే తెరిచారు. బేర్ మౌంటెన్ మీదికి ఇప్పుడు వెయ్యికి పైగా రాతి మెట్లున్నాయి, అన్నీ చేత్తో చెక్కినవి. వాటిని ఎక్కుతుంటే నాకు శ్రీశైలం దారిలోని కైలాసద్వారం మెట్లు గుర్తొచ్చి, నీలాగే మెట్టు మెట్టుకూ మల్లన్నను తలుచుకుంటూ పోయాను.

బాటలకు గుర్తులు చెట్ల మీద, బండల మీద రంగుతో వేస్తారు. ఒక్కో బాటకు ఒక్కో గుర్తు. టక్సీడోలో మొదలయ్యే బాటది తెల్ల గడిలో ఎర్ర చుక్క, అచ్చం బొట్టు పెట్టినట్టే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి రెండు గుర్తులుంటే దారి మలుపు తిరుగుతుందని అర్థం. మూడుంటే బాట అక్కడ మొదలైందనో ముగిసిందనో. ఈ బాట వేసింది 1920లో. వేసినవాళ్ళూ, ఇప్పటికీ చూసుకునేవాళ్ళూ జీతాలవాళ్ళు కాదు నాయనా, ఊరికే వచ్చి చేసేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక ముక్క దత్తత తీసుకుని, పడిన కొమ్మలు తీసి, చెరిగిన గుర్తుకు మళ్ళీ రంగు వేసి పోతారు. అట్లాంటి పెద్దాయన ఒకరు రంపం పట్టుకుని దారిలో కనిపించారు. పలకరిస్తే, "శనివారం రాకమ్మా. ఆదివారం మధ్యాహ్నం అందరూ దిగేటప్పుడు నువ్వు ఎక్కు, సోమవారం సెలవు పెట్టుకో" అన్నారు. ఏ పటంలోనూ లేని మాట అది. అప్పటినుంచి అట్లే పోతున్నాను.

ఇక్కడ ఎక్కడపడితే అక్కడ పడుకోనివ్వరు. రాళ్ళతో మూడు గోడలు కట్టి పైన కప్పు వేసిన షెల్టర్లు ఉంటాయి, ఒక పక్క పూర్తిగా తెరిచే ఉంటుంది. మన సత్రం వసారా అనుకో. వాటిలోనో, వాటి పక్కన గుడారం వేసుకునో పడుకోవాలి. డబ్బు కట్టనక్కర్లేదు, ముందొచ్చినవాళ్ళదే చోటు. పిల్లలతో వచ్చేవాళ్ళకు వెల్చ్ చెరువు దగ్గర బీవర్ పాండ్ అని డబ్బు కట్టే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, అది ముందుగానే బుక్ చేసుకోవాలి.

నా మొదటి రాత్రి సంగతి చెప్పాలి. షెల్టర్ నిండిపోయింది. చీకటి పడుతోందని గాభరాలో, మెత్తగా ఆకులు పరుచుకున్న పల్లంలో గుడారం వేశాను. రాత్రి రెండు గంటలకు వాన. నీళ్ళన్నీ అక్కడికే వచ్చాయి. తడిసిన బట్టలతో పొద్దున దాకా కూర్చున్నాను. "పక్క వేసే ముందు నేల వాలు చూడు, తల పైన ఎండుకొమ్మ ఉందేమో చూడు" అని నాగలూటిలో నువ్వు ఎన్నిసార్లు చెప్పావో! ఆ మాట తెలియక కాదు, తొందరలో వదిలేశాను. ఇప్పుడు ఎక్కడ ఆగినా వీపుసంచి దించే ముందు ఆ రెండూ చూస్తాను. ఎండుకొమ్మను వీళ్ళు కూడా అంతే భయంగా చూస్తారు.

ఎలుగుబంట్లు ఉన్నాయి. కానీ మన నల్లమల ఎలుగులాగా మీదపడి చీల్చేరకం కాదు, మామూలుగా మనిషి అలికిడి వింటే తప్పుకుపోతాయి. వాటి కన్ను మన తిండి మీద. అందుకని తిండి, పళ్ళపేస్టు సహా, సంచిలో వేసి పడుకునే చోటికి దూరంగా కొమ్మకు ఎత్తున కట్టాలి. ఉట్టి కట్టడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. అమ్మతో చెప్పు, నేను ఎలుగును చూసింది ఒక్కసారే, అది కూడా వాగు అవతల.

నేను నిజంగా భయపడేది పిడుదులకు. నువ్వుల గింజంత ఉంటాయి, గడ్డి కొసల మీద కాచుకుని కూర్చుంటాయి. లైమ్ అనే జబ్బు వాటి వల్లే వస్తుంది. దగ్గర్లోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి పేరే దానికి పెట్టారు. ప్యాంటు కొసలు మేజోళ్ళలో దోపుకుని, రాత్రి పడుకునే ముందు ఒళ్ళంతా చూసుకుంటాను. మోకాళ్ళ వెనక, చెవుల వెనక తప్పకుండా. చిన్నప్పుడు ఎనుముల చెవులకు పిడుదులు పీకిన చేతులే కదా ఇవి.

ఇప్పుడు నీ సంగతి. అక్టోబర్‌లో మీరిద్దరూ వస్తున్నారు కదా, నడిమి వారాల్లో ఈ కొండలు ఎర్రగా, పసుపుగా మారిపోతాయి. మోదుగు పూసిన అడవిని చూశావు కదా, ఆ రంగు కొండంతా ఉందనుకో. నీ మోకాలికి టక్సీడో నుంచి నడక వద్దు. దానికి వేరే దారి చూసి పెట్టాను. లోపల టియొరాటి అనే సరస్సు ఉంది, దాని దగ్గరిదాకా కారు పోతుంది. అక్కడినుంచి నీలం గుర్తుల బాట పట్టుకుని పైకెక్కితే ఫింగర్‌బోర్డ్ అనే షెల్టర్. 1928లో కట్టిన రాతి షెల్టర్, నిప్పు వేసుకోవడానికి లోపలే పొయ్యి గూళ్ళున్నాయి. నేను పోయినవారం నీ నడకతోనే, నీలాగే ఆగి ఆగి ఎక్కి చూశాను. కొంచెం నిటారుగా ఉంటుంది కానీ తొందరగా అయిపోతుంది. నీళ్ళు సరస్సు నుంచి నేనే మోసి, కాచి ఇస్తాను.

ఆ షెల్టర్‌కు కొంచెం దూరంలో మూడు బాటలు కలిసే చోట పెద్ద బండ ఉంది. దాని పేరు టైమ్స్ స్క్వేర్! పట్నంలో ఉన్న టైమ్స్ స్క్వేర్‌కు అమ్మను ఎటూ తీసుకుపోతాను, ఆ వెలుతురూ ఆ జనమూ ఆమె చూడాలి. నిన్ను మాత్రం ఈ రెండో దానికి తీసుకుపోవాలని ఉంది. అక్కడ కూర్చుంటే ఆకు రాలిన చప్పుడు వినపడుతుంది. దగ్గర్లోనే పాత ఇనుప గనులున్నాయి, నీళ్ళు నిండిన గుంతలు, పక్కన తవ్వి పోసిన రాళ్ళ కుప్పలు. నూటనలభై ఏళ్ళ కిందటిదాకా అక్కడ మనుషులు పనిచేశారు. ఆ కుప్పల మీద ఇప్పుడు చెట్లు లేచాయి.

అమ్మ రానంటే ఆ ఒక్క రాత్రికి నా స్నేహితురాలి ఇంట్లో ఉంటుంది, వాళ్ళమ్మ కూడా నంద్యాల నుంచి వచ్చి ఉంది.

అక్టోబర్ రాత్రులు అక్కడ చలి గట్టిగా ఉంటుంది. నీకు మంచి స్లీపింగ్ బ్యాగ్ తీసి పెట్టాను, కానీ నీకు దాంట్లో ఊపిరాడదేమో. అటక మీద ఉన్న ఆ నల్ల గొంగడి ఎండలో వేసి, దులిపి, పెట్టెలో అడుగున పెట్టుకో. బరువని అమ్మ తీసేస్తే మళ్ళీ పెట్టు. కొత్త చెప్పులు కొనుక్కుని ఉంటే ఇప్పటినుంచే తొడుక్కుని చెరువుగట్టు దాకా రోజూ నడువు, ఇక్కడికొచ్చాక కరవకుండా ఉంటాయి.

మోకాలికి డాక్టర్ ఏమన్నాడో దాచకుండా చెప్పు. ఎక్కనివ్వనంటే సరస్సు ఒడ్డున కూర్చోవడానికి ఒక మంచి బండ కూడా చూసి పెట్టాను.

ఇట్లు,
నీ కూతురు