డబ్బు కట్టిన సీటూ రాలేదు, భోజనమూ రాలేదు: ఢిల్లీ–హైదరాబాద్ విమానంపై ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ అధికారి గారికి,

విషయం: పిల్లను తల్లికి దూరంగా కూర్చోబెట్టడం, ముందుగా డబ్బు కట్టిన భోజనం ఇవ్వకపోవడం, ఆలస్యం సమయంలో ఆహారం పెట్టకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

గత నెల ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు రాత్రి 7:40కి బయలుదేరాల్సిన మీ విమానంలో నేను, ఏడేళ్ల మా పాప ఎకానమీ క్లాసులో ప్రయాణం చేశాం. దాని మీద మీ యాప్‌లో ఫిర్యాదు పెడితే రెండు లైన్ల క్షమాపణ, మళ్లీ మీ విమానమే ఎక్కితే వాడుకోవడానికి 500 రూపాయల వోచర్ వచ్చాయి. నేను రాసింది ఎవరూ చదవలేదని ఆ జవాబులోనే తెలిసిపోయింది. "వాతావరణం వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఉంది అందులో. వాతావరణం మాట నేనూ ఎత్తలేదు, ఆ రాత్రి మీ సిబ్బందీ ఎత్తలేదు. రావాల్సిన విమానం వేరే ఊళ్లో లేటయిందని మాత్రమే చెప్పారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయనో, ఉచితంగా టీ ఇవ్వలేదనో గొడవ పడే మనిషిని కాను. ఆ ధరకు ఏమొస్తుందో తెలిసే టికెట్ కొన్నాను. టికెట్‌కు పైన విడిగా డబ్బు కట్టించుకుని మీరు ఇవ్వని వాటి గురించే నా ఫిర్యాదు.

పాపతో ఒక్కదాన్నే వస్తున్నాను కాబట్టి బుక్ చేసేటప్పుడే అదనంగా డబ్బు కట్టి పక్కపక్క సీట్లు తీసుకున్నాను. తీరా కౌంటర్‌లో ఇచ్చిన బోర్డింగ్ పాసులు చూస్తే నాది 9వ వరుస, పాపది 26వ వరుస. "ఎయిర్‌క్రాఫ్ట్ మారింది మేడమ్, సిస్టమే అలా ఇచ్చింది, గేటు దగ్గర అడగండి" అన్నారు. గేటు దగ్గర అడిగితే లోపల క్రూ చూసుకుంటారన్నారు. లోపలికి వెళ్తే క్రూ అమ్మాయి, "మీరే ఎవరినైనా రిక్వెస్ట్ చేసి చూడండి" అని చెప్పి ముందుకు వెళ్లిపోయింది. ఏడుపు మొహంతో ఉన్న పిల్లను పట్టుకుని, వెనక నుంచి జనం తోస్తుంటే, ఒక్కో వరుస దగ్గరా ఆగి అడుక్కోవాల్సి వచ్చింది. చివరికి 26వ వరుసలో ఒక పెద్దాయన, తాను ముందే డబ్బు కట్టి తీసుకున్న నడవ పక్క సీటు వదులుకుని నా మధ్య సీటులోకి వెళ్లారు. మీరు చేయాల్సిన సర్దుబాటు ఆయన తన సొంత నష్టంతో చేశారు. వీలైతే ఆ సీటు డబ్బు ఆయనకూ తిరిగివ్వండి.

విమానం మారితే సీటు నంబర్లు మారతాయి, ఒప్పుకుంటాను. కానీ 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌పై ప్రయాణించే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని, దానికి రికార్డు కూడా ఉంచాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమానయాన సంస్థలకు చెప్పింది. మా ఇద్దరిదీ ఒకే పీఎన్‌ఆర్. పాప వయసు మీ ఫారంలోనే నింపాను. అంటే నేను అదనంగా ఏమీ కట్టకపోయినా మీరు మమ్మల్ని కలిపే కూర్చోబెట్టాలి. కట్టించుకుని కూడా విడదీశారు.

ఇక ఆలస్యం. విమానం లేచేసరికి రాత్రి పదకొండున్నర. నాలుగు గంటలు పడుతుందని ఒకేసారి చెప్పి ఉంటే మా అన్నయ్య వాళ్లింట్లో అన్నం తినిపించుకుని నిదానంగా బయలుదేరేదాన్ని. మీరేమో అరగంట, ముప్పావు గంట చొప్పున జరుపుతూ మెసేజ్‌లు పంపారు. ప్రయాణ సమయం రెండున్నర గంటల లోపు ఉండే విమానం రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే వేచి ఉన్న ప్రయాణికులకు భోజనం, పానీయాలు ఇవ్వాలన్నది డీజీసీఏ నిబంధన. మేం అడిగి అడిగి విసిగాక ఇచ్చింది చిన్న జ్యూస్ ప్యాకెట్, బిస్కెట్లు. అవి కూడా వెనకున్న వాళ్లకు అందకుండానే అయిపోయాయి. పోనీ, లోపల తినడానికి ముందే డబ్బు కట్టిన వెజ్ శాండ్‌విచ్‌లు ఉన్నాయి కదా అని పాపను ఊరుకోబెట్టాను. తీరా అడిగితే, "లిస్టులో మీ పేరు లేదు, ఉప్మా కప్పు ఉంది, కావాలంటే కొనుక్కోండి" అన్నారు. రసీదు ఫోన్‌లో చూపించినా లాభం లేకపోయింది. మళ్లీ డబ్బిచ్చి ఆ కప్పే కొన్నాను. ట్రే ఒక పక్కకు వాలిపోయి ఉంది కాబట్టి వేడి కప్పు కిందికి జారకుండా పాప తినేదాకా నేను చేత్తోనే పట్టుకోవాల్సి వచ్చింది.

వోచర్ నాకు వద్దు. టికెట్ రిఫండ్‌నే క్రెడిట్‌గా ఉంచుకోవాలా, డబ్బుగా తీసుకోవాలా అన్నది ప్రయాణికుల ఇష్టమని నిబంధనలు చెబుతున్నాయి. అలాంటిది మీరు ఇవ్వని సీటుకూ, పెట్టని తిండికీ నేను వోచర్ ఎందుకు తీసుకోవాలి? రెండు సీట్ల రుసుము, శాండ్‌విచ్‌ల డబ్బు, ఉప్మా కప్పు ధర నేను చెల్లించిన కార్డుకే వెనక్కి పంపండి. ఆ రోజు పాపకు సీటు కేటాయించిన రికార్డులో ఏం రాశారో, టెర్మినల్‌లో భోజనం ఎందుకు పెట్టలేదో రాతపూర్వకంగా తెలపండి. వాతావరణం పేరు చెప్పదలుచుకుంటే ఆ రాత్రి మీ విమానం ఎక్కడ, ఎందుకు ఆగిందో కూడా రాయండి.

15 రోజుల్లో సరైన జవాబు రాకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల ప్రభుత్వ పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు నమోదు చేస్తాను, జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కూ చెబుతాను. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. మీరు మాత్రం లాయరునో, ప్రతినిధినో పంపుకోవాలి.

జత చేసినవి: టికెట్, రెండు బోర్డింగ్ పాసులు, సీట్ల, భోజనం రసీదులు, ఉప్మా కప్పు బిల్లు, ఆలస్యం మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, మీ మొదటి జవాబు.

ఇట్లు,
మీ ప్రయాణికురాలు,
హైదరాబాద్